జనవరి ఒకటి నాటి నమ్మకం

ప్రిస్సిల్లాని మా కంపెనీలో పెట్టించింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే, ఆవిడ మీద నీకెందుకంత కోపం అని అడుగుతారు.

2006లో భర్త ఉద్యోగం కోసం అమెరికాలో మేముండే క్యారీ ఊరికి వచ్చింది. అప్పటికి మా తెలుగు క్రైస్తవ సంఘంలో నలభై మందిమి ఉన్నాం. ఒక అమెరికన్ చర్చి వాళ్ళు ఆదివారం మధ్యాహ్నాలు వెనక హాలు మాకు అద్దెకిచ్చేవారు. మొదటి రోజు నా పక్క కుర్చీలో కూర్చుని, పాట నంబరు దొరక్క నా పుస్తకంలోకి తొంగిచూసింది. నాది నరసాపురం, తనది పాలకొల్లు. ఇంకేం కావాలి? ఆ పూటే "నవోమి అక్కా" అంది. కారు నడపడం నేర్పాను. అకౌంటెంట్ల సీపీఏ పరీక్షలకి చదువుకుంటుంటే దాని కూతుర్ని మా ఇంట్లో పెట్టుకుని అన్నం తినిపించాను. పరీక్ష పాసయ్యాక రెజ్యూమె పట్టుకెళ్ళి మా ఫైనాన్స్ వాళ్ళ చేతిలో పెట్టాను. చేసినవి ఏకరువు పెట్టడం మర్యాద కాదని నాకూ తెలుసు. కడుపు మండి పెడుతున్నాను.

మా కంపెనీ కొత్త మందులు కనిపెట్టదు. పాత మందుల్నే చిన్నపిల్లలు మింగగలిగే సిరప్‌లుగా మారుస్తుంది. నా చేతిలో ఉన్నది మూర్ఛ మందు. ఆ మందు మాత్రల రూపంలోనే దొరుకుతుంది. తల్లులు మాత్రని నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్కని చెంచాలో నూరి, ఆర్నెల్ల బిడ్డ నోట్లో పోయడం ఆసుపత్రిలో నా కళ్ళతో చూశాను. ముక్క పెద్దదైతే బిడ్డ రోజంతా మగతగా పడుంటాడు. చిన్నదైతే ఫిట్స్ వస్తాయి. దాన్ని సిరప్ చేయడానికి ఐదేళ్ళుగా నేనూ, నాతోపాటు నలుగురూ తంటాలు పడుతున్నాం.

2010 చివర్లో డెన్మార్క్ కంపెనీ ఒకటి మమ్మల్ని కొనేసింది. వస్తూ వస్తూ తమ లెక్కల పద్ధతిని కూడా తెచ్చింది. అంతవరకూ మావి అమెరికా లెక్కలు. పరిశోధన మీద పెట్టిన డబ్బు పెట్టిన రోజే ఖర్చు కింద పోయేది, మమ్మల్ని ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. వాళ్ళది ఐఎఫ్‌ఆర్‌ఎస్ అనే అంతర్జాతీయ పద్ధతి. మందు తయారవుతుందన్న నమ్మకం కుదిరిన రోజు నుంచి దాని మీద పెట్టింది ఖర్చు కాదట, ఆస్తట. కాబట్టి ప్రతి ప్రాజెక్టుకీ ఒకటే ప్రశ్న. ఇది అవుతుందని మీకు ఏ రోజున నమ్మకం కలిగింది? సంఘంలో దేవుణ్ణి ఎలా నమ్మారో సాక్ష్యం చెప్పేవాళ్ళని కూడా మేము ఇంత పట్టుబట్టి తేదీ అడగం.

ఈ మార్పు పని ప్రిస్సిల్లాకి అప్పగించారు. ఎనిమిది ప్రాజెక్టులు, ఒక్కోదానికి ఒక్కో మెమో. పోల్చి చూడటానికి ఒక ఏడాది వెనక నుంచి రాయాలట, అందుకని కొత్త లెక్కలు మొదలయ్యే తేదీ 2010 జనవరి ఒకటి. ఆ రోజు నాటికి నమ్మకం ఉన్నవన్నీ ఆస్తుల జాబితాలోకి వెళ్తాయి. లేనివాటిని 2011 జూన్‌కల్లా మూసేస్తారు. అదేం న్యాయమని అడిగితే "పాలసీ" అన్నారు. ఆ మాట తర్వాత ఇక అడగడానికేమీ ఉండదు.

2011 ఫిబ్రవరిలో ప్రిస్సిల్లా నా ల్యాబ్‌కి వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. 2009 డిసెంబరులో సిరప్ ఆరో నెలకి విరిగిపోయి సీసా అడుగున తెల్లటి తరకలు కట్టింది. డిసెంబరు ఇరవై రెండున నాకు మూత లోపలి పొర మీద అనుమానం వచ్చింది. నోట్‌బుక్‌లో రాసి, సంతకం పెట్టి, మూతలు మార్చాను. 2010 ఫిబ్రవరికల్లా సిరప్ తేటపడింది. ఆ తర్వాత ఇప్పటిదాకా మళ్ళీ విరగలేదు.

"డిసెంబర్ ట్వెంటీ టూ అంటే జనవరి ఫస్ట్‌కి ముందే కదక్కా. ఇది చాలు, పాస్ అయిపోద్ది" అంది.

"ఇంకేమైనా పేపర్లు కావాలా?"

"వద్దక్కా. నేను చూసుకుంటాను కదా."

చూసుకుంది.

మార్చిలో మీటింగ్ పెట్టారు. బల్లకి ఒకవైపు ఇద్దరు ఆడిటర్లు, ఇంకోవైపు మా డైరెక్టరు వాల్టర్, ప్రాజెక్టుల పెద్దలం ఎనిమిదిమందిమి. గోడ మీద స్క్రీన్‌లో డెన్మార్క్ వాళ్ళు. ప్రిస్సిల్లా నిలబడి ఒక్కో మెమో చదువుతోంది. ఏడు ప్రాజెక్టులు ఒకదాని వెనక ఒకటి పాసయ్యాయి. నాది ఆఖరిది. "ఈ ప్రాజెక్టుని జాబితాలో చేర్చడానికి వీల్లేదు" అని ఇంగ్లీషులో, ఏ తడబాటూ లేకుండా చదివింది. నేను తప్పుగా విన్నాననుకున్నాను. అంతలో స్క్రీన్ మీద ఒక ఈమెయిల్ కనబడింది.

అది మా సంఘం ప్రార్థన మనవుల జాబితా.

మాకు శుక్రవారం సాయంత్రాలు ఎవరో ఒకరి ఇంట్లో కూటం జరుగుతుంది. చివర్లో తలొక్కరం మా భారం చెప్పుకుంటాం. ఒకరికి వీసా, ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి పెళ్ళికాని తమ్ముడు. ప్రిస్సిల్లా మా సంఘం సెక్రటరీ. అవన్నీ రాసుకుని, తెలుగు చదవలేని పిల్లల కోసం ఇంగ్లీషులో టైపు చేసి, శనివారం పొద్దున అందరికీ పంపుతుంది. 2009 డిసెంబరు పద్దెనిమిదిన కూటం మా ఇంట్లోనే జరిగింది. ఏ మందో, ఏ కంపెనీయో చెప్పలేదు. "నేను చేస్తున్న సిరప్ విరిగిపోతోంది, కారణం తెలియడం లేదు, ఇది అవుతుందన్న నమ్మకం నాకు పోయింది, నా కోసం ప్రార్థన చేయండి" అన్నాను. అని ఏడ్చాను. ప్రిస్సిల్లా నా పక్కన మోకాళ్ళ మీద ఉండి, నా చెయ్యి పట్టుకుని, నాకంటే ఎక్కువ ఏడ్చింది.

ఇప్పుడు ఆ మాటలే స్క్రీన్ మీద, తేదీతో సహా. దాని కిందే ఫిబ్రవరి పన్నెండున నేను చెప్పిన సాక్ష్యం కూడా పెట్టింది. "దేవుడు మనవి విన్నాడు, ఈ వారమే నాకు మళ్ళీ నమ్మకం కలిగింది." డిసెంబరులో పోయిన నమ్మకం ఫిబ్రవరిలో వచ్చిందంటే, జనవరి ఒకటిన లేనట్టే కదా. నోట్‌బుక్‌లో ఉన్నది అనుమానమేగాని నమ్మకం కాదని కూడా రాసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. కంచే చేను మేస్తే ఇంత శుభ్రంగా మేస్తుందా అనిపించింది.

వాల్టర్ పది నిమిషాలు బ్రేక్ అడిగి నన్ను కాఫీ మెషిన్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మంచివాడు. నా సిరప్ అంటే అతనికీ ఇష్టమే.

"నవోమీ, మీ చర్చిలో దేనికైనా ప్రార్థన చేస్తారు కదా? డ్రైవింగ్ టెస్టుకి కూడా చేస్తారని నువ్వే చెప్పావు. అది మా అలవాటు, అందరం అలాగే మాట్లాడతాం, అందులో టెక్నికల్ అభిప్రాయమేమీ లేదు అని చెప్పు. ఆడిటర్లకి అంతే కావాలి. ప్రాజెక్టు బతుకుతుంది."

అతను చెప్పింది నిజమే. ఒక్క వాక్యం చాలు. లోపలికి నడుస్తూ దాన్ని నోట్లో సిద్ధం చేసుకున్నాను కూడా. నలుగురు మనుషుల ఉద్యోగాలు గుర్తొచ్చాయి. చెంచాలో మాత్ర నూరే తల్లులు గుర్తొచ్చారు. ఆ వాక్యం చెప్పేస్తే దేవుడు మాత్రం తప్పు పడతాడా అని నాకు నేనే వకీలునయ్యాను.

పెద్ద ఆడిటరు తెల్లజుట్టు ఆవిడ, చాలా మర్యాదగా అడిగింది. "ఈ మాటలు మీవేనా? ఆ రోజు మీ అభిప్రాయం నిజంగా ఇదేనా?"

ప్రిస్సిల్లా వైపు చూశాను. తను తల ఎత్తలేదు. కాగితం మూల మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

మనుషులతో అన్న మాటైతే మార్చేదాన్నేమో. నేనేం సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాదు. కానీ ఆ సాయంత్రం నేను మాట్లాడింది మనుషులతో కాదు. ఇప్పుడు అదంతా ఉత్త అలవాటని చెబితే, మళ్ళీ ఎప్పుడైనా ఏ మొహంతో మోకరిస్తాను?

"నావే. ఆ రోజు నా అభిప్రాయం అదే" అన్నాను.

వాల్టర్ కళ్ళు మూసుకున్నాడు. ఆడిటరు ఏదో రాసుకుంది. స్క్రీన్‌లో డెన్మార్క్ ఆయన థాంక్యూ చెప్పాడు. ఐదేళ్ళ పని ఐదు నిమిషాల్లో అయిపోయింది.

పార్కింగ్ లాట్‌లో నా కారు దాకా పరుగెత్తుకుంటూ వచ్చింది ప్రిస్సిల్లా.

"అక్కా, ఒక్క నిమిషం. కోపంగా ఉన్నావని తెలుసు. నేను ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకున్నాకే ఆ మెమో పెట్టాను."

"నా మెడ మీద కత్తి పెట్టడానికి ఉపవాసం కూడా ఉన్నావా?"

"అలా అనకు అక్కా. ఎనిమిదీ పాస్ చేస్తే ఆడిటర్స్ నమ్మరు. ఒక్కటైనా రిజెక్ట్ చేస్తేనే మిగతావి నిలబడతాయని డెన్మార్క్ వాళ్ళే హింట్ ఇచ్చారు. నీది పోయింది, కానీ ఏడు సేఫ్ అయ్యాయి కదా? ముప్పై మంది జాబ్స్ అక్కా."

"ఆ ఏడింటిలో రెండు మొన్నటిదాకా సీసాలో విరుగుతూనే ఉన్నాయి. నీకు తెలీదా?"

"తెలుసు."

"మరి ఆ ఒక్కటీ నాదే ఎందుకైంది?"

పక్కన ఎవరో కారు తీసుకుని వెళ్ళేదాకా ఆగింది. తర్వాత నా మొహంలోకి చూసింది. ఆ కళ్ళలో దొంగతనం లేదు. ఉంటే నాకు బాగుండేది.

"వేరే ఎవరిని అడిగినా ఆ మాట అనలేదని బుకాయించేవాళ్ళు. అప్పుడు మెమో నిలబడదు, ఎనిమిదీ అనుమానంలో పడతాయి. నువ్వు దేవుడి దగ్గర అన్న మాటని కాదనవు. అందుకే నీది పెట్టాను."

"పోనీ, కాదని ఉంటే?"

"అనవు అక్కా. నీ గురించి నాకు తెలీదా? ప్రమాణం చేసి చెప్తాను, ఒక్క క్షణం కూడా డౌట్ పడలేదు."

కారెక్కి తలుపు వేసుకున్నాను. ఇన్నేళ్ళలో మా ఆయన గానీ, పాస్టరు గారు గానీ, నా ఐదేళ్ళ పని చూసిన వాల్టర్ గానీ, నన్ను అంతగా నమ్మినవాళ్ళు లేరు. నమ్మించి గొంతు కోసేవాళ్ళ గురించి విన్నాను. ఇది నన్ను నమ్మి కోసింది.