మీ ఇష్టం

పెళ్లయినప్పటి నుంచీ మా ఆవిడ నోట ఒక్క మాట వినాలని నాకు ఆశ. "మీ ఇష్టం." అంతే, పెద్ద కోరికేమీ కాదు. కానీ గోడల రంగులు అమ్మే కొట్టు నడిపే మనిషి దగ్గర ఆ మాట దొరకదు. వచ్చినవాళ్లు ఫలానా రంగు కావాలంటే, "అది మీ ఇంటికి నప్పదు" అని వేరే డబ్బా మూత తీసేది. వాళ్లు గొణుక్కుంటూ పట్టుకెళ్లి, గోడలు ఆరాక వచ్చి మెచ్చుకునేవాళ్లు. ఇంట్లోనూ అంతే. నా చొక్కా, వండే కూర, కుర్చీ ఎటు తిరిగి ఉండాలో కూడా తనే తేల్చేది. నన్ను గోడమీద పిల్లి అనేది. ఏ వైపూ దూకనట. దూకే అవకాశం ఎప్పుడిచ్చింది గనక!

అలాంటి మనిషికి నుదుటి వెనక, మెదడులో గడ్డ వచ్చింది. తియ్యకపోతే ప్రాణానికి ముప్పు. మరీ ఎక్కువ తీస్తే మనిషి బతుకుతుంది గానీ ఇప్పటి మనిషిలా ఉండకపోవచ్చు అన్నారు పెద్దడాక్టరు. అందుకని మెలకువగా ఉంచే ఆపరేషన్ చేస్తారట. పైన తోలుకీ ఎముకకీ మత్తు ఇస్తే చాలు, మెదడుకు నొప్పే తెలియదట. కాలిలో ముల్లు దిగితే కేకపెట్టించేది అదే కదా, దానికి తన నొప్పి తెలియకపోవడమేమిటి?

"ఎక్కడ ఆపాలో ఎవరు చెప్తారమ్మా?" అని ఆయన అడిగితే మా ఆవిడ నా వైపు తిరిగింది.

"అప్పటికి నేను నేనుగా ఉంటానో లేదో. మీరే చెప్పాలి. ఈ ఒక్కసారికి గోడ దిగండి."

ఆ ఉదయం బీరువా ముందు చాలాసేపు తచ్చాడి, చేతికందిన చొక్కా తొడుక్కుని ఆస్పత్రికి వెళ్లాను. ఆపరేషన్ గదికి ఆనుకుని ఉన్న అద్దాల గదిలో, ఒక తెర ముందు కూర్చోబెట్టి మైకు ఇచ్చారు. లోపల తనతో మాట్లాడే డాక్టరమ్మ నాకు ముందే వివరించింది. "ఒక్కోచోట సన్నగా కరెంటు తాకిస్తాం. ఆ కాసేపూ ఆ చోటు పనిచెయ్యదు. ఆవిడ చెప్పే జవాబు ఆవిడలాగే ఉందో లేదో మీరు వినండి."

తెరమీద నా భార్య మెదడు కనిపించింది. లేత గులాబీ రంగు, పైన సన్నటి ఎర్రటి నాళాలు. గుండె కొట్టుకున్నప్పుడల్లా మెల్లగా లేచి దిగుతోంది. దోసిట్లో పట్టే ఆ ముద్దలోనే కొట్టులో రంగులన్నీ ఉన్నాయి, మా కీచులాటలన్నీ ఉన్నాయి, ఏ మూలో నేనూ ఉన్నాను. తెలియకుండానే చేతులు జోడించాను.

డాక్టరమ్మ రెండేసి రంగుల అట్టలు చూపించసాగింది.

"వంటగదికి ఏది?"

"ఆకుపచ్చ. రెండోది వేస్తే ఆస్పత్రిలా ఉంటుంది."

పెద్దడాక్టరు మాస్కులోనే నవ్వారు.

"పడగ్గదికి?"

"రెండూ బాలేవు. వేరేవి తియ్యండి."

"తనే," అన్నాను మైకులో.

పెద్దడాక్టరు చేతిలో కరెంటు తాకించే సన్నటి కొన కాస్త పక్కకి జరిగింది.

"ముందుగదికి ఏది?"

జవాబు మెత్తగా, ఎంతో మర్యాదగా వినబడింది. "ఏదైనా పరవాలేదండీ. మీ ఇష్టం."

కరెంటు తీసేసి అవే అట్టలు చూపించారు. "పసుపు. అది కూడా అడగాలా?" మళ్లీ తాకించారు. "మీ ఇష్టం."

బియ్యపుగింజంత చోటు! నా భార్య పంతం, వెక్కిరింత, నాకు ఇన్నాళ్లూ తలనొప్పి తెప్పించినదంతా అక్కడుంది.

"గడ్డ అంచు అక్కడే ఉంది," అన్నారు పెద్దడాక్టరు. "వదిలేస్తే మళ్లీ పెరగచ్చు. తర్వాత రేడియేషన్ ఇచ్చి కనిపెట్టుకుని ఉండాలి. చెప్పండి."

"ఆపండి."

ఆలోచించి అన్నానని చెప్పలేను. మాట బయటికి వచ్చాకే అది నాదని తెలిసింది. నా నుదుటి వెనకా అలాంటి చోటొకటి ఉందన్నమాట, ఇన్నేళ్లూ అలికిడి లేకుండా.

సాయంత్రం తలకు కట్టుతో పడుకుని ఉంది. నన్ను చూసి నెమ్మదిగా అడిగింది.

"కొంచెం వదిలేశారటగా. ఎవరు చెప్పారు?"

"నేనే."

నా మొహం వంక అలాగే చూసింది. తప్పు చేశానా? ఆలస్యంగా చెప్పానా? తన చూపు మెల్లగా కిందికి దిగి ఆగింది.

"ఆ చొక్కా ఎవరు వేసుకోమన్నారు?"

"అదీ నేనే."

"తెలుస్తూనే ఉంది. ముందు వెళ్లి మార్చుకుని రండి."

వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఆనందంతో వెక్కి వెక్కి ఏడ్చాను. కళ్లు తుడుచుకున్నదీ ఆ చొక్కాతోనే.