ఓడ అడుగున తొకుమత్సు

ఓడల కార్ఖానా మధ్యాహ్నం కూత ఆగగానే తొకుమత్సు మోకాళ్ళ మీద కూర్చుని, చువ్వకు గుచ్చిన కొవ్వొత్తిని ఓడ అడుగు గది రంధ్రంలోకి దించాడు. మంట వణికి, నిలబడింది. మంట నిలబడితే అతనికి ఎన్నడూ సంతోషం కాదు. లోపల గాలి ఉంది, ఇక దిగక తప్పదన్నమాట.

డాక్‌లో కొత్త యుద్ధనౌక కొండలా నిలబడి ఉంది. దాని అడుగు రెండు పొరల ఉక్కు. ఆ పొరల మధ్య వరసగా ఇరుకు గదులు. లోపలికి పాకి, తుప్పు గీకి, ఎర్ర రంగు పూసి బయటికి రావాలి. తొకుమత్సు పిట్టంత మనిషి. ఆ సన్నటి భుజాలు చూసే మేస్త్రీ అతన్ని ఏరుకున్నాడు.

అతను చేరిన కొత్తలో పెద్ద నౌకలు ఇంగ్లండు నుంచి వచ్చేవి. ఇక్కడ జరిగేవి మరమ్మతులే. యుద్ధంలో తమ దేశం రష్యా నౌకాదళాన్ని ముంచాక సొంత ఉక్కుతో కట్టుకోవడం జోరందుకుంది. ప్రతి నౌకా ముందుదాని కంటే పెద్దది. ఒక్కొక్కటి నీళ్ళలోకి జారినప్పుడల్లా ఊరంతా జెండాలు పట్టుకుని రేవుకు పరిగెత్తేది. తొకుమత్సూ జెండా ఊపేవాడు. నౌక పెరిగితే దాని అడుగున గదులూ పెరుగుతాయని తలుచుకుని, ఊపుతూనే చెమటలు కక్కేవాడు.

లోపల వెల్లకిలా పడుకుంటే పై పొర ముక్కుకు తగులుతుంది. పైన రివెట్లు బిగించే సుత్తులు పుర్రెలో మోగుతాయి. తను లోపలున్నాడని మరిచి ఎవరో మూత బిగించేస్తారేమోనని అతని భయం. అందుకే ఉండుండి ఉక్కును రెండుసార్లు తడతాడు. బయట కాపలా ఉన్న బావమరిది ఇసొకిచి తిరిగి తడతాడు. ఆ చప్పుడు వినపడేదాకా తొకుమత్సుకు ఊపిరాడదు.

ఆ రోజు పక్క గదికి హంజిరో వచ్చాడు. బాయిలర్ల దగ్గర్నుంచి మారిన మనిషి, బక్కపల్చన, నోరు మాత్రం పెద్దది.

"ఏం అన్నా, దీపం పెట్టి మొక్కుకుంటున్నావా?"

"ఆ గది చాలాకాలం మూసుందయ్యా. కొవ్వొత్తి దించి చూడు. మూసిన ఉక్కు గాలి తినేస్తుంది."

"నీ నీడ చూసి నువ్వే ఉలిక్కిపడతావంట కదా!" హంజిరో నవ్వుకుంటూ దిగిపోయాడు.

తొకుమత్సు తన గదిలోకి పాకాడు. కాసేపు పక్కనుంచి గీకుడు చప్పుడు వినిపించింది. తరవాత ఆగిపోయింది. అతను మధ్య గోడను తట్టాడు. జవాబు లేదు. గబగబా బయటికి పాకి, పక్క రంధ్రంలోకి కొవ్వొత్తి దించాడు. ఎవరో వేళ్ళతో నలిపినట్టు మంట ఆరిపోయింది.

"గాలి గొట్టం తెమ్మని కేకేశాను. ఆగు బావా!" అన్నాడు ఇసొకిచి. అతని భుజాలు ఆ రంధ్రంలో పట్టవు.

"అది వచ్చేసరికి వాడుండడురా."

చేతికందిన తాడు ఒక్కటే. తొకుమత్సు దాన్ని లాక్కున్నాడు. "నాకు భయంగా ఉందిరా ఇసొకిచీ," అన్నాడు. తాడు కొస కరుచుకుని, ఊపిరి బిగబట్టి తలకిందులుగా దూరాడు.

తాడు కదిలింది. ఇసొకిచి, పరుగున వచ్చిన మరో ఇద్దరూ కలిసి లాగారు. చంకల కింద తాడు ముడితో, నల్లబడిన మొహంతో హంజిరో బయటపడ్డాడు, దగ్గాడు, కక్కుకున్నాడు. తాడు మళ్ళీ దించారు. ఎవరూ అందుకోలేదు. ఇసొకిచి ఉక్కును రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించాడు. మళ్ళీ తట్టాడు.

గాలి గొట్టం వచ్చాక తొకుమత్సును బయటికి తీశారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

సాయంత్రం అతని భార్య కినుయో వచ్చింది. ఏడుపు ఇంకా రాలేదు. పొద్దున తను గుడ్డలో కట్టి పంపిన అన్నం డబ్బా తమ్ముడు ఇసొకిచి చేతికిస్తే ముడి విప్పి చూసింది.

"ఇవాళ తినలేదా?"

ఇసొకిచి తల వంచుకున్నాడు. "ఏనాడూ తినలేదక్కా. దిగే ముందు భయానికి ముద్ద మింగుడుపడేది కాదు. పొద్దుగూకాక నేనే తినేవాణ్ణి. నీకు తెలిస్తే పనిలోకి పంపవని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"మరి రోజూ బాగుందని చెప్పేవాడే!"

"ఎలా ఉందో నన్నడిగి ఇంటికొచ్చేవాడు."

కినుయో డబ్బా ఒళ్ళో పెట్టుకుని రేవు మెట్ల మీద కూర్చుంది. మూత పెట్టలేదు. బార్లీ అన్నం మధ్య ఊరేసిన పుల్లటి ఉమె పండు పొద్దున తను వేలితో నొక్కిన చోటే ఉంది, దాని ఎరుపు చుట్టూ మెతుకుల్లోకి పాకుతోంది.