చిటికెన వేలి దారం

పొద్దున్నే లేచి కూర్చోవడానికి మామూలు మనిషికి రెప్పపాటు చాలు. పెద్దక్కకి ముప్పావుగంట కావాలి. అందుకే ఆవిడ గడియారం ఐదింటికి మోగినా, మంచం దిగేది మాత్రం పావుతక్కువ ఆరుకి.

ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు రెండూ మడుస్తుంది. ఒక్కోదాన్నీ చేతులతో పట్టుకుని మెల్లగా గుండెలమీదకి లాక్కుంటుంది. ఊపిరి నిండా పీల్చి, వదిలి, "కదులు తల్లీ, కదులు" అని ఎడమ తుంటిని బతిమాలుతుంది. తుంటి దగ్గర బయల్దేరి, తొడ వెనకాల దిగి, పిక్కలో మెలి తిరిగి, మడమ దాటి చిటికెన వేలిదాకా పోయే నొప్పి అది. పదకొండేళ్లుగా అక్కడే కాపురం. ఒళ్లు కాస్త వదులయ్యాక చిటికెన వేలి చివర తెల్లటి దారం కొస కనిపిస్తుంది. దాన్ని గోళ్లతో పట్టుకుని, లాగుతూ రీలుకి చుట్టుకుంటుంది. తొందరపడితే తెగదు గానీ లోపలికి పారిపోతుంది. అంత మొండిది.

చుట్టడం అయ్యాక రీలుని గుండీల డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. ఇక రెండు గంటలు హాయి. ఆపైన ఒకేచోట కూర్చుందా, దారం మూత సందులోంచి జారి, నేలమీద పాక్కుంటూ వచ్చి, వచ్చిన దారినే లోపలికి దూరుతుంది. మళ్లీ పడుకోవాలి, మళ్లీ లాగాలి. ఎంత లాగినా రాత్రి నిద్రలో ఎలాగూ మొత్తం సొంతిల్లు చేరుతుంది.

వాళ్లాయన ఇళ్లకి రంగులేసే మనిషి. చేతులు మహా మొరటు. అయినా రోజూ ఆవిడకి మేజోళ్లు తొడిగేది ఆయనే, వంగడం ఆవిడ వల్ల కాదు కనక. ఎడమ కాలి చిటికెన వేలి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊపిరి బిగబట్టేస్తాడు. దారం రోజూ వచ్చిపోయే గుమ్మం అది. ముట్టుకుంటే చాలు, కెవ్వుమంటుంది పెద్దక్క.

"తగిలిందా?"

"తగల్లేదు. మీ మొహం చూస్తే మీకే తగిలినట్టుంది."

పెద్దక్క పనిచేసేది ఒక పెద్ద ఆసుపత్రిలో, నేలమాళిగలో ఉన్న కుట్టుగదిలో. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, రోగుల అంగీలు అన్నీ అక్కడే కుడతారు, చిరిగితే అక్కడే మాటేస్తారు. రెండు గంటలకోసారి పెద్దక్క కత్తిరింపు బల్ల కింద పడుకుని, కాళ్లు కుర్చీ మీద పెట్టుకుని, దారం చుట్టుకుని, ఇంటినుంచి వెంట తెచ్చుకున్న గుండీల డబ్బాలో పెడుతుంది. చుట్టినంతసేపూ నోరు మాత్రం ఖాళీగా ఉండదు. "ఆ కాలరు కింద అతుకెయ్యవే," "ఆ కత్తెర ఎవరిదే, సాన పట్టి ఎన్నాళ్లయింది" అంటూ బల్ల కిందినుంచే పరిపాలన నడుస్తుంది. మిగతావాళ్లు ఆవిడ కాళ్లు దాటుకుని అటూ ఇటూ తిరుగుతారు.

ఆవిడ పనితనం గురించి ఒక్క మాట చెబితే చాలు. ఆ ఆసుపత్రిలో రోగుల అంగీలకి పూర్వం నాడాల ముళ్లు వీపు మీద ఉండేవి. పడుకుంటే వెన్ను కింద శనగగింజంత ముడి కూడా రాయిలా గుచ్చుతుందని ఆ గదిలో ఒక్క పెద్దక్కకే తెలుసు. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, ముళ్లన్నీ పక్కకి తెచ్చేసింది. నాలుగు అంతస్తుల రోగులు వీపు ఆనించి నిద్రపోయారు, ఎందుకు నిద్ర పట్టిందో కూడా తెలియకుండా. అదీ మనిషంటే!

అలాంటిది, కొత్తగా వచ్చిన మేనేజరు ఒకరోజు కుట్టుగదిలో తొంగిచూసి, కుర్చీ మీద రెండు పాదాలు చూశాడు. పాదాల తాలూకు మనిషి కనిపించలేదు. పనివేళల్లో పడకేమిటన్నాడు. ఆగకుండా ఎనిమిది గంటలు కూర్చుని కుట్టగలదని ఎముకల డాక్టరు రాసివ్వాలి, లేకపోతే ఇంటికి వెళ్లాలి అని ఉత్తర్వు పంపాడు.

"ఇంటికెళ్లి కూర్చోమంటాడేమిటే! కూర్చోవడమే కదా నా వల్ల కానిది," అంది పెద్దక్క. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. సూది చేతిలో లేకపోతే తనకి తోచదని, తోచకపోతే నొప్పి తప్ప ఇంకేం మిగలదని ఆవిడకి తెలుసు.

ఎముకల డాక్టరు కుర్రవాడు. తెలివైనవాడే. మనిషి వస్తే ముందు ఫిల్ము వంక చూస్తాడని కుట్టుగదివాళ్లు స్కాన్‌బాబు అని పేరు పెట్టారు. బుధవారం పెద్దక్క వెళ్లి బల్లమీద రీలు పెట్టింది.

"దారం చాలామందికి వస్తుందమ్మా," అన్నాడు, వెలుతురుకి ఎత్తిపట్టిన ఫిల్ము దించకుండా. "స్కాన్‌లో మాత్రం పెద్దగా ఏం లేదు."

"స్కాన్ పడుకోబెట్టి తీశారు బాబూ. పడుకుంటే నాకూ ఏం లేదు."

"ఎనిమిది గంటలు కూర్చోగలరా, లేరా? కాగితంలో ఉన్నవి ఆ రెండు గడులే."

"మధ్యమధ్యలో నడుం వాల్చనిస్తే పదైనా చేస్తాను."

"ఆ గడి లేదమ్మా. శుక్రవారం రాసి పంపిస్తాను."

ఏ గడిలో టిక్కు పడుతుందో అర్థం కావడానికి చదువక్కర్లేదు.

గురువారం పొద్దున్న స్కాన్‌బాబు తెల్లకోటు అంచు ఊడి కుట్టుగదికి వచ్చింది. రౌండ్స్‌కి వెళ్లాలి, వెంటనే కావాలన్నారు. అంత చిన్న పనికి అక్కడ కొత్త రీలు తెరవరు. మిగులు దారాలన్నీ ఒక డబ్బాలో వేసి బల్ల మధ్య పెడతారు, చేతికందింది తీసుకుంటారు. కోటు తీసుకున్నది కళ్లజోడు. ఆవిణ్ణి అలా పిలిచేది కళ్లజోడు పెట్టుకుంటుందని కాదు, రోజంతా దానికోసం వెతుకుతుందని. ఆ పూట కూడా వెతికి వెతికి విసుగొచ్చి, తడుముకుంటూ ఒక డబ్బా తెరిచి, చేతికందిన తెల్లదారంతో అంచు కుట్టి పంపేసింది.

మధ్యాహ్నానికి పెద్దక్కకి అనుమానమొచ్చింది. నాలుగు గంటలుగా కూర్చునే ఉంది. తుంటి పలకడంలేదు, పిక్క పలకడంలేదు. గుండీల డబ్బా తెరిచింది. రీలు ఖాళీ.

"ఏమే, ఆ కోటు ఏ దారంతో కుట్టావ్?"

కళ్లజోడు నోరు తెరిచింది. ఆ తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "ఉండనీ అక్కా! రేపు కాగితం రాసేదాకా ఉండనీ. తనదాకా వస్తేగానీ తెలియదు ఎవరికైనా!"

పెద్దక్క ఒక్క నిమిషం ఆలోచించింది. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు ఆలోచించింది. ఒక్క రాత్రి ఊరుకుంటే చాలు, ఉద్యోగం నిలబడుతుంది. కానీ ఆ నొప్పి పగవాడికి కూడా వద్దని ఆవిడ పదకొండేళ్లుగా అనుకుంటోంది. ఈ అబ్బాయి పగవాడు కూడా కాదు.

"నాకైతే ఏళ్లమీద అలవాటైంది. అతనికి ఒక్కపూటలో మొత్తం ఎక్కేస్తే ఏమైపోతాడే?" అని ఖాళీ రీలు తీసుకుని లేచింది.

లిఫ్టు ఖాళీగానే ఉంది. అయినా మూడంతస్తులూ మెట్లెక్కింది. కాళ్లు చెప్పినట్టు వింటుంటే ఎంత బాగుందో! రెండో అంతస్తులో కళ్లమ్మట నీళ్లు వచ్చాయి. తుడుచుకుని మిగతా మెట్లు కూడా ఎక్కింది.

డాక్టరు గది బయట వరండా నిండా రోగులు. లోపల స్కాన్‌బాబు రెండు చేతులూ బల్లకి ఆనించి వంగి ఉన్నాడు. కోటు అంచు మళ్లీ ఊడి వేలాడుతోంది. ఆ దారానికి కాలు దొరికితే చాలు, ఎవరిదైనా ఒకటే. నేరుగా లోపలికి ఎక్కేసింది.

"మీ దారమేనా?" అన్నాడు పళ్లు బిగపట్టి.

"నాదే బాబూ. మా పొరపాటు. కూర్చోండి."

"కూర్చోలేను."

"పోనీ నిలబడండి."

"నిలబడలేకపోతున్నాను."

"అడకత్తెరలో పోకచెక్క అయ్యారన్నమాట. ఇలా నేలమీదకి రండి."

"నేలమీదా? బయట పేషెంట్లు చూస్తారు."

"చూడనివ్వండి. వాళ్లకిది కొత్తా?"

ముందు మోకాళ్ల మీదకి, తర్వాత ఒక పక్కకి, అప్పుడు వెల్లకిలా, ఆవిడ దించినట్టల్లా దిగాడు. కాళ్లు ఎత్తి కుర్చీ మీద పెట్టింది. వీపు కింద చిక్కుకున్న స్టెతస్కోపుని మెల్లగా లాగేసింది.

"పడుకున్న మనిషి వెన్ను కింద ఏదీ ఉండకూడదు బాబూ. అంగీల ముళ్లు పక్కకి తెచ్చింది అందుకే."

అతను కప్పు మీంచి చూపు ఆవిడ వైపు తిప్పాడు. "అది మీరా?" అన్నాడు. "అంగీల కంపెనీవాళ్లు మార్చారనుకున్నాను."

"మాకూ ఓ కంపెనీ ఉంది లెండి, నేలమాళిగలో. ఊపిరి పీల్చండి. ఆ, వదలండి."

ఎడమ బూటు విప్పి, మేజోడు తీసింది. బొటనవేలి దగ్గర చిల్లు. "ఇదీ పంపించండి కిందికి," అంది. చిటికెన వేలి దగ్గర కొస దొరికింది. లాగుతూ, ఆగుతూ, చుట్టసాగింది. అరగంట పట్టింది. రీలు నిండుతున్నకొద్దీ అతని మొహంలోకి నెత్తురు తిరిగొచ్చింది, మూత లేని రీలు మీంచి అప్పుడే ఒక కొస జారి పాకిందేమో, ఆవిడ తుంటిలో పాత చుట్టం మళ్లీ కలుక్కుమంది.

"రోజూ ఇంతేనా?"

"చలికాలం ఇంకాస్త."

"దీంతో కూర్చుని కాజాలు కుడతారా?"

"కాజాలు కుడుతుంటేనే కాస్త మర్చిపోతాను బాబూ."

ఇంకో జానెడు మిగిలి ఉండగా అతను చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "ఈ జానెడు ఉంచెయ్యండమ్మా."

"అయ్యో, వద్దు బాబూ. సలుపుతుంది."

"సలపనివ్వండి. లేకపోతే సాయంత్రానికి మర్చిపోతాను." బల్లమీది కత్తెర తనే తెమ్మన్నాడు. ఎన్నడూ తెగని దారం, ఇస్తానన్నవాడి కోసం మారుమాట్లాడకుండా తెగింది.

పెద్దక్క చెప్పినట్టే పక్కకి తిరిగి, మోచెయ్యి ఊతం చేసుకుని లేచాడు. తలుపు తీసి మొదటి రోగిని పిలిచాడు. ఫిల్ము కవరు బల్లమీద బోర్లా పెట్టి, "చెప్పండి, ఎక్కడ మొదలవుతుంది?" అన్నాడు. ఆ రోగి ముసలాయన. ఆ ప్రశ్న తనని కాదేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

శుక్రవారం కాగితం వచ్చింది. రెండు గడులూ ఖాళీగానే ఉన్నాయి. వాటి కింద పెన్నుతో, కాస్త వంకరగా, మూడో గడి గీసి ఉంది. అందులో టిక్కు పెట్టి పక్కన రాశాడు: "పని చేయగలరు. గంటన్నరకోసారి పడుకోవడానికి బల్ల ఇవ్వాలి. ఈవిడ చెప్పింది వినాలి." మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి బల్ల పంపించాడు. బల్ల మీద పడుకుంటే అందరూ కనిపిస్తారు కనక పరిపాలన ఇంకాస్త పెరిగిందని కళ్లజోడు గొణుక్కుంది.

ఆ శుక్రవారమే, కాగితం ఇంకా రాకముందు, పొద్దున్న ఐదింటికి పెద్దక్క మోకాళ్లు మడిచి, తుంటిని బతిమాలి, కొస కోసం చూస్తే వేలి దగ్గర లేదు. వెతగ్గా వెతగ్గా మడమ దగ్గర దొరికింది. జానెడు తక్కువైంది కదా, అంతకంటే కిందికి అందలేదు. అక్కణ్ణుంచే లాగి చుట్టుకుంది.

వాళ్లాయన మేజోడు తీసుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పట్లాగే ఊపిరి బిగబట్టాడు. ఎంత జాగ్రత్తపడ్డా ఆయన మొరటు వేలు ఆ చిటికెన వేలిని రాసుకుంటూ పోయింది. "అయ్యయ్యో!" అని మేజోడు వదిలేసి కళ్లు మూసుకున్నాడు.

కేక రాలేదు. కిచకిచమని ఏదో చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచి చూస్తే పెద్దక్క దిండుని మొహానికి అదుముకుని నవ్వుతోంది.

"ఏమైందే?"

"గిలిగింత పెట్టింది," అంది ఆవిడ.

ఆయన ఆ పాదం వంక చూశాడు, ఆవిడ మొహం వంక చూశాడు. పదకొండేళ్ల తర్వాత, ఈసారి కావాలనే, ఇంకోసారి ముట్టుకున్నాడు.