పక్కదారి బటన్

మెత్తటి బ్రష్షుతో చిన్న స్టేషను పైకప్పు మీద దుమ్ము దులుపుతుంటే మా ఆయన గుమ్మంలో నిలబడి, "నువ్వే ఏదో కదిపి ఉంటావు," అన్నారు.

మేడమీద గదిలో సగం ఆ బల్లే. దాని మీద పట్టాలు, సొరంగం, అరచేతిలో పట్టే ఇంజను. బొమ్మ రైలు అంటే ఆయన ఒప్పుకోరు, మోడల్ రైల్వే అనాలి. కొనడం, బిగించడం, వచ్చినవాళ్ళకి చూపించడం ఆయన పని. చెట్టు చెట్టుకీ, పెట్టె పెట్టెకీ దుమ్ము తుడవడం నా పని. చూడ్డానికి వచ్చినవాళ్ళు "ఎంత నీటుగా ఉంచారండీ" అంటే "ఓపిక కావాలండీ" అని ఆయన నవ్వుతారు. నేను టీ కప్పులు అందిస్తూ ఉంటాను.

స్టేషను దాటగానే పట్టా రెండుగా చీలుతుంది. దాన్ని పాయింటు అంటారు. బోర్డు మీద దానికి రెండు బటన్లు. ఒకటి నొక్కితే రైలు నేరుగా పోతుంది, రెండోది నొక్కితే పక్కదారి పట్టి షెడ్డులోకి పోతుంది. ఆ రెండోది పలకడం మానేసింది. ఆదివారం ఆయన రైలు స్నేహితులు వస్తున్నారు.

"కింద మోటారు కాలిపోయినట్టుంది. శనివారం కొత్తది తెస్తా. అందాకా నువ్వీ గదిలోకి రాకు," అన్నారు.

రావద్దంటే నాకు హాయిగా ఉండాలి. ఒక గది చాకిరీ తప్పింది కదా. కానీ మర్నాడు పొద్దున బట్టల షాపులో బిల్లులు కొడుతున్నంతసేపూ నా మనసు ఆ పాయింటు దగ్గరే ఉంది. నేను కదిపితే రెండు వైపులా చెడాలి కదా, ఒక్కవైపే ఎందుకు చెడింది? మోటారు కాలితే వాసనైనా రావాలి కదా? షాపులో బిల్లు మిషన్ ఆగినా మా మేనేజరు "మెకానిక్ వచ్చేదాకా ముట్టుకోకండి మేడమ్" అంటాడు. నేనూ చేతులు కట్టుకుని కూర్చుంటాను. లోపల ఏమైంది అన్న ప్రశ్న మాత్రం ఆ పూటంతా ఎక్కడో గీరుతూనే ఉంటుంది. ఇన్నేళ్ళలో అలాంటి ప్రశ్నలు ఎన్ని మింగానో.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, అన్నం తిని, గిన్నెలు సింకులోనే వదిలేసి మేడెక్కాను. వెనకాలే మోకాళ్ళు పట్టుకుంటూ అత్తగారు వచ్చారు.

"వాడు వద్దన్నాడుగా."

"దుమ్ము దులపట్లేదు అత్తయ్యా. చూస్తున్నా, అంతే."

బల్ల కింద వెల్లకిలా పడుకుని టార్చి వేశాను. పైనంతా పచ్చటి కొండలూ పూలతోటలూ, కిందంతా జడ విప్పిన తలలా వైర్లు. అన్నీ ఎరుపే. పాయింటు కింద చిన్న డబ్బా, ఆయన మోటారు అనేది దీన్నే, అందులో రెండు తీగచుట్టలు. ఒకటి పట్టాని ఇటు లాగుతుంది, ఇంకోటి అటు. రెండిటికీ కలిపి ఒక వైరు, విడివిడిగా చెరో వైరు. ఇంతేనా అనిపించింది. కుట్టుమిషన్ బాబిన్ కేసు ఇంతకంటే సతాయిస్తుంది.

ఆ విడి వైర్లు రెండిటినీ అటుదిటు, ఇటుదటు మార్చి బిగిస్తే? తప్పు డబ్బాలో ఉంటే పట్టా ఇప్పుడూ పక్కకి కదలదు. తప్పు వైర్లోనో బటన్లోనో ఉంటే, నేరుగా పొమ్మన్న బటనే దాన్ని పక్కకి పంపుతుంది. నా అంతట నేనే ఈ ఆలోచన దాకా వచ్చినందుకు ఆ నేల మీద నాకు నవ్వొచ్చింది.

"అత్తయ్యా, ఆ బోర్డు స్విచ్చి ఆపండి." స్క్రూలు విప్పి వైర్లు మార్చాను. "ఇప్పుడు వెయ్యండి. నేరుగా అని రాసిన బటన్ నొక్కండి."

"నేనా? వాడు నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదే."

"నన్నూ అంతేగా. నొక్కండి."

టక్ మంది.

"పక్కకెళ్ళిందమ్మాయ్," అన్నారు అత్తగారు మెల్లగా. "అంటే మంచిదా, చెడ్డదా?"

"మంచిదే. మోటారు బాగానే ఉంది."

తర్వాత బోర్డు వెనక బటన్ల దగ్గర కూడా వైర్లు మార్చి చూశాం. ఈసారి పక్కదారి బటన్ పలికింది, నేరుగా బటన్ మూగబోయింది. బటన్లూ మంచివే. ఇక మిగిలింది మధ్యలో వైరు. దాన్ని వేళ్ళతో తడుముకుంటూ పోతే సొరంగం కింద టేపు చుట్టిన అతుకు తగిలింది. టేపు జిగురు ఎండిపోయింది. లోపల ఆయన మెలిపెట్టిన రెండు కొసలూ ఎప్పుడో విడిపోయాయి. కొసలు గీకి, గట్టిగా మెలేసి, కొత్త టేపు చుట్టాను. వైర్లన్నీ ఎప్పటిలా పెట్టేశాను. అత్తగారు రెండు బటన్లూ మార్చి మార్చి నొక్కుతూ కూర్చున్నారు. పిలిస్తే వినిపించుకోలేదు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి మేడెక్కారు. పైనుంచే కేకేశారు. "చూశావా, నువ్వు ఒక్కపూట రాకపోతే దానంతటదే బాగైంది."

నేను కూర కలుపుతున్నాను. నోరెత్తకుండా ఊరుకోవడం ఎంత తేలికో, ఎంత అలవాటో ఆ క్షణంలో తెలిసింది.

చిక్కుళ్ళు తుంచుతున్న అత్తగారు తలెత్తకుండా అన్నారు. "వీడు చిన్నప్పుడు మీ మామగారి రేడియో విప్పేశాడు. మరలన్నీ నేలంతా పోశాడు. మధ్యాహ్నమంతా కూర్చుని బిగించింది నేను. పాట వచ్చింది కూడా. మీ మామగారొచ్చి, మా అబ్బాయి రేడియో బాగుచేశాడని వీధంతా చెప్పుకున్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. అవునన్నాను. వాడూ అదే నిజమనుకుంటున్నాడు ఈరోజుకీ."

స్టవ్ ఆపేశాను. చేతులు తుడుచుకుని మేడెక్కాను.

"దానంతటది బాగవలేదండీ. నేను బాగుచేశాను. మీరు వేసిన అతుకు ఊడిపోయింది."

"నాకు చెప్పకుండా ఎందుకు ముట్టుకున్నావు?" అన్నారు ముందు. ఆ తర్వాత, నమ్మలేక, "నువ్వా?" అన్నారు.

"బటన్ నేను నొక్కాను," అంది గుమ్మంలోంచి అత్తగారి గొంతు. ఆయాసపడుతూనే మెట్లెక్కి వచ్చేశారు.

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. చివరికి ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద పడుకుని, బల్ల కిందకి జరిగి, టార్చి అడిగారు. ఇచ్చాను. వెలుగు వైర్ల వెంట పాకి, సొరంగం కింద కొత్త టేపు దగ్గర ఆగింది. తర్వాత కింద నుంచి మామూలుగా లేని గొంతుతో అడిగారు.

"ఇక్కడే ఉందని ఎలా తెలిసింది నీకు?"

పెళ్ళైన దగ్గర్నుంచీ ఈయన నన్ను అడిగినవన్నీ ఎక్కడ పెట్టావు, అయిందా, ఎందుకు చేశావు అనేవే. ఎలా తెలిసింది అని అడగడం ఇదే మొదలు. కింద కూర సగం ఉడికి ఉంది. ఉండనీ అనుకుని, అత్తగారికి కుర్చీ లాగి, నేను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఒక్కవైపే ఎందుకు చెడిందా అనుకున్నాను," అంటూ మొదటినుంచీ మొదలుపెట్టాను.