ఆరని పూత మీద చక్రాలు

సైమా కాంగస్ పనిలోకి దిగేముందు పెట్టే షరతు ఒక్కటే. ఇంట్లో ఉన్న ప్రతి బండీ ముందే రోడ్డెక్కి ఉండాలి. గరాజు నుంచి రోడ్డు దాకా పోయే తారుబాట మీద పూత వేశాక రెండు రోజులు దాని మీద చక్రం కాదు కదా, పిల్లి కూడా నడవకూడదు. కారు గరాజులో మర్చిపోయి, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళలేక తల పట్టుకునే మహానుభావులను ఆమె ఇరవయ్యేళ్ళుగా చూస్తోంది, నోరారా తిడుతోంది.

డ్వేన్ మాకెలా ఇంటి దగ్గర మాత్రం ఆ షరతు చెల్లదు. అతని భార్య మార్నా కారు మూడేళ్ళుగా ప్రతి సెప్టెంబరులోనూ గరాజులోనే ఉండిపోతోంది. నాలుగో ఏడు కూడా అదే తంతు.

"కారు బయట పెట్టించు డ్వేన్. తర్వాత నా ప్రాణం తియ్యకు," అంది సైమా, ట్రక్కు మీది ట్యాంకు మూత బిగిస్తూ.

"దానికి ఊరేగే పనులేం లేవులే. లోపలే ఉండనీ." డ్వేన్ తుపాకీ సంచీ తన బండిలో పడేశాడు. కలప నరికించే కాంట్రాక్టరు. తలుపంత మనిషి. నవ్వితే పళ్ళు కనిపిస్తాయి గానీ నవ్వు కనిపించదు. "నేను వేటకి అడవిలో గుడిసెకి పోతున్నా. ఎల్లుండి వస్తా. వచ్చేసరికి నా బాట మీద ఒక్క మరక కనిపించకూడదు. ఒక్కటి. అర్థమైందా ముసలిదానా?"

"మరక పడితే నీ జింకని అడుగు. నన్నెందుకు అడుగుతావ్?"

అతను నవ్వలేదు. బండెక్కి వెళ్ళిపోయాడు. సైమా ఉమ్మేసి పనిలోకి దిగింది.

అమెరికా ఉత్తరాన ఆ ప్రాంతంలో చలికాలం అంటే ఆరు నెలలు. సుపీరియర్ సరస్సు మీంచి గాలి కొట్టిందంటే తారులో వెంట్రుకంత పగులు ఉన్నా చాలు, అందులో దూరిన నీళ్ళు గడ్డకట్టి, ఉబ్బి, ఏప్రిల్‌కల్లా బాటను పెళ్ళలు పెళ్ళలుగా లేపేస్తాయి. అందుకే చలి ముదరకముందే పగుళ్ళు పూడ్చి, పైన ఇసుక కలిపిన నల్లటి పూత వేయించుకుంటారు. ఎండ ఉన్న రోజుల్లోనే వేయాలి. ఇది ఆ ఏటికి చివరి ఎండ. అయినా గాలిలో మంచు వాసన వస్తూనే ఉంది.

గరాజు ముందు నుంచి మొదలుపెట్టి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ రోడ్డు వైపు రావడం సైమా పద్ధతి. ట్యాంకు గొట్టం చివరి తుపాకీతో పూత చల్లుతుంది, రబ్బరు బద్ద బిగించిన పొడవాటి కర్రతో సాపు చేస్తుంది. బాటకు రెండు వైపులా సన్నటి గడ్డి అంచు, అంచు దాటితే నడుము లోతు కాలవలు. మధ్యాహ్నానికి రోడ్డు వరకూ వచ్చేసింది. ట్రక్కు వెనక కూర్చుని, పొద్దున వేడి చేసి తెచ్చుకున్న మాంసం కూరిన రొట్టె విప్పిందో లేదో, గరాజు పక్క తలుపు తెరుచుకుంది.

మార్నా బయటికి వచ్చింది. కోటు వేసుకుని ఉంది, చేతిలో సంచీ ఉంది. ఎడమ కన్ను లేదు. ఉందేమో గానీ కనబడటం లేదు. ఆ చోట పండిన రేగుపండు రంగులో ఉబ్బు మాత్రం ఉంది. పెదవి రెండు చోట్ల చిట్లింది.

"అయిపోయిందా?" అంది అక్కణ్ణుంచే. ఆ గొంతు వినగానే సైమా చేతిలో రొట్టె ఆగిపోయింది.

"ఇప్పుడే. ఆ మొహం ఏమిటి తల్లీ?"

"ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు రోజులు. ఈ చలికి మూడు కూడా పట్టొచ్చు. ఆ మొహం ఏమిటని అడుగుతున్నా."

మార్నా మెట్టు మీద కూలబడిపోయింది. "నువ్వొచ్చేలోపే పోదామనుకున్నా సైమా. పొద్దున వాడు కదల్లేదు. నీ బండి వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. ప్రతి ఏడూ అంతే. నువ్వొచ్చాకే వెళ్తాడు. తడి పూత మీద కారు తీస్తే మరక పడుతుందిగా, వాడికి తెలిసిపోతుంది."

సైమాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రొట్టె పక్కన పడేసింది. గడ్డి అంచు మీద పరుగులాంటి నడకతో గరాజు దాకా వెళ్ళింది.

"నడిచి పోవచ్చు కదా!"

"ఎక్కడికి? ఊరు పద్దెనిమిది మైళ్ళు. ఫోన్ వాడి దగ్గరుంది. పోయినేడు నడిచాను. గుర్తు లేదూ? నీ పూత మీద ఒక్క అడుగు పడింది. నా అడుగే. సరిచెయ్యమని నిన్ను మళ్ళీ పిలిపించాడు."

గుర్తుంది. ఆ రోజు మార్నా మణికట్టుకి కట్టు ఉంది. మెట్ల మీంచి పడ్డానంది. సైమా నమ్మింది. నమ్మి, ఆ అడుగు మీద కొత్త పూత రాసి, చెక్కు జేబులో పెట్టుకుని పోయింది. మూడేళ్ళు. మూడేళ్ళుగా ఈ పిల్లను లోపల పెట్టి తాళం వేసింది తన చేతులే. వాడు వేయించాడు, తను వేసింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో సైమాకి అప్పుడు తెలిసింది. ఆ మంటలో సగం తన మీదే.

"పోలీసులకి..." అని తనే ఆగింది. ఈ వైపు చూసే పోలీసు డిప్యూటీ ఎవరో ఆమెకి తెలియంది కాదు. లైల్ మాకెలా. డ్వేన్ తమ్ముడు.

"మొన్న పిండి డబ్బాలో దాచుకున్న డబ్బులు దొరికాయి వాడికి," అంది మార్నా. "ఎల్లుండి వచ్చాక అడుగుతాడట, ఎందుకు దాచావని. నిదానంగా అడుగుతాడట. కారు రెండో తాళంచెవి నా కోటు లోపలి గుడ్డలో కుట్టుకున్నా, అది మాత్రం దొరకలేదు. నేను ఎల్లుండి దాకా ఇక్కడుంటే బతకను సైమా."

"లే. కారెక్కు."

"నీ పూత..."

"పూత తగలెయ్యి! తొక్కుకుంటూ పో. ఎటు పోతున్నావో నాకు చెప్పకు."

మార్నా లేచి గరాజు తలుపు ఎత్తింది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద డీజిల్ బండి చప్పుడు వినిపించింది. ఇద్దరికీ తెలిసిన చప్పుడే.

డ్వేన్ సైమా ట్రక్కు వెనక గులకరాళ్ళ అంచున బండి ఆపాడు. తడి పూత మీదికి తనైనా ఎక్కించడు కదా. ఏం మర్చిపోయి వచ్చాడో, అసలు చూసిపోదామనే వచ్చాడో దేవుడికే తెలియాలి. ఎత్తి ఉన్న గరాజు తలుపు చూశాడు. మార్నా చేతిలో సంచీ చూశాడు. తొందరేమీ లేనట్టు గడ్డి అంచు మీద నడిచి రావడం మొదలుపెట్టాడు.

సైమా ఎదురెళ్ళింది. బాట సగంలో, అంచులు సరిచెయ్యడానికి ట్యాంకు నుంచి లాగి గడ్డిలో ఉంచిన గొట్టం పక్కన ఆగి, అక్కడున్న రబ్బరు కర్ర తీసి అడ్డంగా పట్టుకుంది.

"తప్పుకో."

"తప్పుకోను. వెనక్కి పో డ్వేన్."

"నా పెళ్ళాం, నా ఇల్లు. నీ యాభై గజాల పనికి డబ్బులు తీసుకుని..."

మాట పూర్తికాకముందే పిడికిలి వచ్చింది. సైమా దాన్ని చూడనేలేదు. నోట్లో ఏదో చిట్లింది, నాలుక మీదికి పన్ను వచ్చి పడింది. రెండో దెబ్బ పక్కటెముకల్లో. కర్ర చేతిలోంచి ఎగిరిపోయింది, ఆమె మోకాళ్ళ మీద పడింది. డ్వేన్ జుట్టు పట్టుకుని లేపి, మళ్ళీ నేలకేసి కొట్టాడు. ఆపైన బూటుతో తన్నాడు. లోపల ఎముక విరగడం సైమాకి వినబడింది. అరవై రెండేళ్ళ ఆడదాన్ని తంతున్నానన్న స్పృహ వాడికి చీమ తలకాయంత కూడా లేదు. పని చేస్తున్నట్టు తన్నాడు, చెట్టు నరుకుతున్నట్టు.

"చూస్తున్నావా మార్నా!" అని అరిచాడు. "దీని తర్వాత నీ వంతే!"

ఆ ఒక్క క్షణం అతని మొహం గరాజు వైపు తిరిగింది. సైమా చెయ్యి గడ్డిలో తడుముకుంటూ గొట్టం తుపాకీని అందుకుంది. అతను మళ్ళీ వంగాడు. ఆమె మీట నొక్కింది.

నల్లటి పూత జానెడు దూరం నుంచి తిన్నగా అతని కళ్ళలోకి కొట్టింది. తెరిచిన నోట్లోకి, ముక్కులోకి, మెడ మీదికి. చిన్న చుక్క పడితేనే కన్ను గంటసేపు మండుతుంది. ఇది దోసిళ్ళ కొద్దీ. డ్వేన్ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. రెండు చేతులతో మొహం గీరుకుంటూ వెనక్కి తూలి, తడి బాట మీద అడుగేశాడు. కాలు జారింది. వెల్లకిలా పడ్డాడు.

"పోవే!" అని అరిచింది సైమా, నోట్లోంచి నెత్తురు కారుతుండగా. "పో!"

కారు గరాజులోంచి దూకింది. ఆ చప్పుడు విని డ్వేన్ గుడ్డిగా లేవబోయాడు. మోకాళ్ళ మీద పాకుతూ చప్పుడుకి అడ్డంగా పోయి, చేతికందిన పక్క అద్దం పట్టుకుని వేలాడాడు. "ఆపు! ఆపవే లం..." అద్దం ఊడి చేతిలోకి వచ్చింది. అతను చక్రం ముందు పడ్డాడు. వెనక చక్రం అతని కాలిపిక్క మీదుగా ఎక్కి దిగింది. ఎండు కొమ్మ విరిగినట్టు వినిపించింది.

బాట చివర కారు ఒక్క క్షణం ఆగింది. కిటికీలోంచి మార్నా ఒంటికన్నుతో వెనక్కి చూసింది. డ్వేన్‌ని కాదు, సైమాని.

"నన్ను చూడకు! రోడ్డు చూడు!"

కారు ఎడమకి తిరిగింది. మిన్నెసోటా వైపు.

సైమా లేచి నిలబడటానికి మూడుసార్లు ప్రయత్నించింది. ఊపిరి తీస్తే కత్తి దిగుతోంది. ట్రక్కును పట్టుకుని ఎలాగో రోడ్డు మీదికి వచ్చి చూసింది. బూడిదరంగు రోడ్డు మీద రెండు నల్లటి చారలు బాటలోంచి బయల్దేరి, గీత గీసినట్టు ఎడమకి తిరిగి, నూరు గజాల దాకా పోయి పలచబడ్డాయి. లైల్ వచ్చి ఎవర్నీ ఏమీ అడగనక్కర్లేదు. రోడ్డే చెప్పేస్తుంది. లైల్ చేతికి అందని మిన్నెసోటా సరిహద్దు నాలుగు గంటల దూరం. అద్దం ఊడిన కారు. పోలీసు రేడియోలో ఒక్క మాట చెబితే చాలు.

"నీళ్ళు!" వెనక డ్వేన్ ఏడుస్తున్నాడు. "సైమా, నీళ్ళు పొయ్యి! కళ్ళు పోతున్నాయి! నా కాలు... లైల్‌కి ఫోన్ చెయ్యి!"

ఆమె బండిలో నీళ్ళ డబ్బా ఉంది. కళ్ళలో పడితే కడుక్కోవడానికని ఎప్పుడూ ఉంచుకుంటుంది. దాని వంక చూసింది. మొహం తిప్పేసుకుంది. అలా తిప్పుకున్నందుకు ఆమెకి సిగ్గు వేయలేదు. ఆ సంగతి దాచి పెట్టాల్సిన పని కూడా లేదు.

ట్రక్కును ఎడమ వైపుకి నడిపి, చారలు పలచబడిన చోట ఆపి, ట్యాంకు అడుగు మీట పూర్తిగా తిప్పేసింది. మిగిలిన పూత భళ్ళున రోడ్డు మీద పడింది. అలా కారుతుండగానే మెల్లగా వెనక్కి వచ్చింది. రబ్బరు కర్ర వెతికి తెచ్చుకుంది. ఒక చేత్తో పక్కటెముకలు అదుముకుని, రెండో చేత్తో సాపు చేసింది. ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఈ చివరకి. ప్రతి లాగుడికీ నోట్లోంచి నెత్తురు చుక్కలు పూతలో పడ్డాయి, వాటినీ కలిపి లాగేసింది. ఎడమ వైపు రోడ్డు కొత్తగా వేసినట్టు నల్లగా, నున్నగా తయారైంది. చార లేదు.

ఇంకో పని మిగిలింది. ట్రక్కును డ్వేన్ బాట మీదికి ఎక్కించి, చక్రాలకు బాగా పూత పట్టించి, రోడ్డెక్కి కుడికి తిప్పింది. మిన్నెసోటాకి ఎదురు దిక్కున ఉన్న పెద్ద వంతెన వైపుకి. చారలు పలచబడేదాకా పోయింది. తిరిగి వచ్చేటప్పుడు గులకరాళ్ళ అంచు మీదుగా వచ్చింది.

అప్పుడు నీళ్ళ డబ్బా తీసుకెళ్ళి డ్వేన్ మొహం మీద కుమ్మరించింది. అతను పూతలో అతుక్కుపోయి ఉన్నాడు. పాదం ఉండకూడని వైపుకి తిరిగి ఉంది.

"చంపేస్తా నిన్ను," అన్నాడు దగ్గుతూ. "ఎటు పోయింది? ఎటు పోయిందే?"

"నన్నడిగితే? కిందపడి తన్నులు తింటున్నాను కదా, చూసే తీరికెక్కడిది?"

అతని బండిలో ఫోన్ తీసి అంబులెన్సుకి చేసింది. ఆ పిలుపు రేడియోలో విని, అంబులెన్సు కంటే ముందు లైల్ వచ్చాడు. అన్నను చూశాడు. సైమా పగిలిన మూతిని చూశాడు. ఎవరు ఎవర్ని కొట్టారని అడగలేదు. అడగాల్సిన అవసరం అతనికి ఏనాడూ లేదు.

"మార్నా ఎక్కడ?"

"పోయింది."

"అది తెలుస్తోంది. ఎటు?" అతని చూపు రోడ్డు మీద పడింది. "ఈ కంగాళీ ఏమిటి?"

"మీ అన్న నన్ను తన్నినప్పుడు గొట్టం ఊడింది. రోడ్డు డిపార్టుమెంటు వాళ్ళతో నేను పడతాలే, నువ్వు దిగులుపడకు."

లైల్ కుడివైపు చారల దాకా నడిచాడు. వంగి, వేలితో ముట్టుకుని చూశాడు. వేలు నల్లబడింది. సైమా కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి.

"వంతెన వైపే," అన్నాడు డ్వేన్ వైపు తిరిగి. "అనుకున్నాను. వాళ్ళమ్మ వాళ్ళది అటేగా."

"పట్టుకో!" అని అరిచాడు డ్వేన్. "పట్టుకుని నా దగ్గరకి తీసుకురా!"

లైల్ కారెక్కాడు. సైరన్ వేసుకుని కుడికి దూసుకుపోయాడు. ఆ మోత చెట్ల వెనక సన్నబడి ఆగిపోయేదాకా సైమా అటే చూసింది.

ఆ తర్వాత ట్రక్కు చక్రానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. అంబులెన్సు వాళ్ళు వచ్చి ఎక్కడ నొప్పి అని అడిగారు. ఎక్కడని చెప్పాలో తెలియక ఏడ్చింది. మూడేళ్ళ ఏడుపు అది. ఒక కుర్ర నర్సు భుజం మీద చెయ్యి వేసి, "భయపడకండి, వాడింక లేవలేడు," అంది.

"భయం కాదమ్మా," అంది సైమా. "టైమెంతయింది?"

"రెండున్నర."

సరిహద్దుకి ఇంకో మూడు గంటలు, అనుకుంది సైమా. కట్టు కట్టించుకోవడానికి చొక్కా పైకెత్తింది.