త్రిపురాంబ అత్తయ్య పొగ

త్రిపురాంబ అత్తయ్య పోయి చాలా కాలమైంది. ఆమె తల ఆరబెట్టుకున్న సాంబ్రాణి పొగ మాత్రం ఇంకా మా చీరాల ఇంటి మధ్యగదిలోనే ఉంది. ఈమధ్య అందులో చుక్కలు పుడుతున్నాయి.

ఇప్పుడు వాటి వెలుగులో బియ్యం ఏరుకోవచ్చు, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. పొగకి సరిపడా గది కూడా పొడుగు సాగింది. ఆ చివర ఉన్నవాళ్లకి మంచినీళ్లు పట్టుకెళ్తుంటే దారిలో నాకే దాహం వేస్తుంది.

అత్తయ్య ఆదివారాలు కుంకుడుకాయలతో తలంటుకునేది. కుంపట్లో నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన గంప బోర్లించి, గంప మీద జుట్టు పరుచుకుని పడుకునేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊళ్లోవాళ్లందరినీ అనుకరిస్తూ నవ్వేది. అలాంటి నవ్వు తర్వాత ఇంకెవరి దగ్గరా నాకు దొరకలేదు. పొగలో తల పెడితే ఇప్పటికీ వినిపిస్తుంది, కాస్త దూరంగా. అందుకే దీన్ని ఎవరికీ ఇవ్వను.

మధ్యాహ్నం ఈ పొగని చూడ్డానికి, చుక్కల్ని లెక్కగట్టే కొండమీది వేధశాల నుంచి ఇద్దరు వస్తారు. పెద్దాయన గురవయ్యగారు, ఆయనతో పనిచేసే హైమవతిగారు. చెప్పులు బయటే విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికొస్తారు. మర్యాద తెలిసినవాళ్లే.

"మసగ్గా కనపడేవి రెండే రకాలమ్మా," అంటారు గురవయ్యగారు. "కదిలితే తోకచుక్క. దాని దోవన దాన్ని వదిలేస్తాం. కదలకపోతే నీహారిక, చుక్కలు పుట్టే మబ్బు. నంబరేసి, పట్టికలోకెక్కించి, పైన దాని చోటులో పెట్టేస్తాం. లేకపోతే తోకచుక్కలు వెతికేవాళ్లు ప్రతిసారీ దీన్ని చూసి మోసపోతారు."

"మా ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు చూస్తారండీ?"

"మేం చూశాం కదమ్మా," అంటారు హైమవతిగారు.

పొగ అంచు వెంబడి గోడ నుంచి గోడకి దారం కట్టి, వాళ్లు చాప మీద కూర్చుంటారు. నేను విసనకర్ర తీసుకుని పొగ వెనక్కి వెళ్లి విసురుతాను. పొగ దారం దాటుతుంది.

"కదిలింది," అంటారు హైమవతిగారు.

నాకు సంబరంగా ఉంటుంది. కానీ విసిరినప్పుడల్లా ఒక చుక్క ఆరిపోతోంది. లోపల అత్తయ్య నవ్వు మధ్యలో తెగిపోతోంది. విసనకర్ర కింద పడేస్తాను.

"నేనే విసిరానండీ. అది కదల్లేదు."

"తెలుసమ్మా," అంటారు గురవయ్యగారు. "అందరిళ్లలోనూ విసురుతారు."

పొగ మెల్లగా వెనక్కొచ్చి దారాన్ని ఆనుకుంటుంది. హైమవతిగారు నంబరు వేసి, పక్కన గుర్తులు రాస్తారు: వెలుగు బాగుంది, పెద్దది, నడుమ చిక్కన.

"నవ్వుతోందని కూడా రాయండి."

"అట్టాంటి మాట మా పట్టికలో లేదమ్మా." ఆవిడ నా మొహంలోకి చూసి, కలం మళ్లీ తీస్తారు. "కాస్త వణుకుతోందని రాస్తాలే."

పొగని చెరో చివర పట్టుకుని పట్టుచీరలా మడతపెట్టి పట్టుకెళ్లిపోతారు. నాకు ఏడుపొస్తుంది. గుమ్మంలో నిలబడి ఏడుస్తాను.

సాయంత్రం కాకముందే మళ్లీ వస్తారు. పైన దాన్ని పెట్టిన చోట అంతకుముందున్న చీకటిని తెచ్చి గదిలో పరుస్తారు. "చోటుకి చోటు ఇవ్వాలి కదమ్మా," అంటారు గురవయ్యగారు, మూలలు సర్దుతూ.

వాళ్లు వెళ్లాక ఆ చీకటి అంచున కూర్చుని కాళ్లు కిందికి వేలాడేస్తాను. లోతుగా, వెచ్చగా ఉంది. ఎక్కడో అడుగున ఒక ఊరు కనిపిస్తోంది. ఆ ఊళ్లో జనమంతా డాబాలెక్కి, అడుగులేని ఇత్తడి చెంబులు దుర్భిణుల్లా కళ్లకి పెట్టుకుని నావైపే చూస్తున్నారు.

"కదులుతోందా?" అని ఎవరో ఆడమనిషి అడుగుతోంది.

"ఇంకా తెలీట్లేదు."

"కదలకపోతే చెప్పు. ఆ వణికేదాని పక్కన చోటు ఖాళీగా ఉందంట."

నేను ఊపిరి బిగబట్టి, కాలివేలు కూడా కదపకుండా కూర్చుంటాను.