పాత పేరుకు పదిహేను రోజులు

"పెద్దమ్మాయీ, టీ అయిందా?" అని అత్తయ్య గదిలోంచి కేకేసింది.

ఆ పిలుపు నాది కాదు. ఇరవై రెండేళ్లుగా ఈ ఇంట్లో నేను చిన్నమ్మాయిని. పెద్దమ్మాయి అంటే మా తోటికోడలు, బావగారి భార్య. నేను అక్కా అనేదాన్ని. అక్క పోయి డెబ్భై రోజులైంది. అత్తయ్య మొదటిసారి నన్నలా పిలిచినప్పుడు పొరపాటనుకున్నాను. రెండోసారి వయసు అనుకున్నాను. మూడోసారి "వస్తున్నా అత్తయ్యా" అని పలికాను. పలికాక స్టవ్ ముందు చాలాసేపు నిలబడిపోయాను.

పిలుపు వెనకే పనులూ వచ్చాయి. అత్తయ్య మాత్రలు, బావగారి చొక్కాల ఇస్త్రీ, పొద్దున్నే నీళ్ల మోటారు. ఎవరూ నాకు అప్పగించలేదు. "వదిన చూసుకునేది కదా, ఇప్పుడిక నువ్వే చూడాలేమో," అన్నాడు మా ఆయన, అదీ చాలా మెత్తగా. ఈ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. గట్టిగా అంటే నేనూ గట్టిగా ఏదో ఒకటి అనేదాన్ని. మంచివాళ్ల మధ్య కాదనడానికి మాటలు వెతుక్కోవాలి.

బడిలోనూ అదే జరిగింది. అక్కా నేనూ ఒకే సంస్థలో పని చేశాం. నేను ఆరు, ఏడు తరగతులకు భాష చెబుతాను. అక్క ఆఫీసులో గుమాస్తా. సంస్థకు ఐదు బడులున్నాయి. ఐదింటి హాజరు, మార్కులు, బస్సులు, లైబ్రరీ అన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో నడుస్తాయి. పద్నాలుగేళ్ల కిందట కంపెనీవాళ్లు దాన్ని ఖాళీ ఇల్లులా కట్టి ఇచ్చి వెళ్లారు. అందులో సంసారం పెట్టింది అక్క. ఆ నెలలో ఆఫీసు ట్యూబ్‌లైటు మీద ఒక పిచ్చుక గూడు కట్టుకుంటే, ఫ్యాను వెయ్యనివ్వకుండా చెమటలు కక్కుతూ పని చేసింది. "ఇది కూడా పుల్లా పుల్లా తెచ్చి కట్టుకోవడమేనే చెల్లీ," అని వ్యవస్థకూ, లోపలి డేటాబేస్‌కూ కూడా పిచ్చుక అనే పేరు పెట్టింది. సెలవురోజుల్లో నేను రిజిస్టర్లు చదివేదాన్ని, తను కొట్టేది. "ఇద్దరు కోడళ్లూ ఆ పిచ్చుకనే పెళ్లాడినట్టున్నారు," అని అత్తయ్య నవ్వేది. మాకు అన్నం మూతపెట్టి ఉంచేది కూడా ఆవిడే.

వేసవి సెలవులు మొదలైన రోజున సెక్రటరీగారు పిలిపించారు. "కొత్త సంవత్సరం నుంచి వ్యవస్థకి మా నాన్నగారి పేరు పెడదామనుకుంటున్నాం మేడమ్. సంస్థ స్థాపించిన మనిషి కదా. పిచ్చుకేమిటి, పిల్లల ఆటలా! లోపలి డేటాబేస్ పేరు కూడా మార్చెయ్యండి. మీ అక్కగారి పుస్తకం మీ దగ్గరే ఉందిటగా? మీకెలాగూ సెలవులే."

సెలవులే. పద్నాలుగేళ్లు ఆ మాట అక్కతో అన్నారు. ఇప్పుడు నాతో అంటున్నారు. నేను తలూపి వచ్చేశాను.

పుస్తకం గోధుమరంగు అట్టతో ఉంటుంది. ఇంటికొచ్చి తెరిస్తే చివరి పేజీల్లో ఒక శీర్షిక కనబడింది: 'పేరు మార్చాల్సి వస్తే.' ఈ రోజు వస్తుందని అక్కకు ముందే తెలుసు.

'మొదట నకలు తియ్యి. తీశానని నమ్మకు, వేరే కంప్యూటర్లో తెరిచి చూడు. దీన్ని పాత పేరుతో ఎవరెవరు పిలుస్తున్నారో రాసుకో: హాజరు మిషను, బస్సుల జాబితా, తల్లిదండ్రులకి వెళ్లే మెసేజీలు, మార్కుల కార్డులు, లైబ్రరీ. ముందు నకలు మీద మార్చి చూడు. అందర్నీ బయటికి పంపాకే అసలుదాన్ని ముట్టుకో. పాత పేరు వెంటనే తియ్యకు. పదిహేను రోజులు ఉంచు. ఎవరైనా అలవాటుకొద్దీ పాత పేరుతో వస్తే తలుపు మూసి ఉండకూడదు, కొత్త పేరు దగ్గరికి చేరాలి. కంగారుపడకు. టీ తాగు.'

నేను ఏడవలేదు. అక్షరాల పొందిక చూస్తూ కూర్చున్నాను. 'కంగారుపడకు' అన్న మాట నాకోసమే రాసింది. తను ఎప్పుడూ కంగారుపడేది కాదు.

ఆదివారం పొద్దున కంపెనీ ఇంజనీరు వచ్చాడు. నలభై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటిమీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుకుతాడు. నకలు తీశాం. పక్క కంప్యూటర్లో తెరిచి చూశాం. ఇంజనీరు ఉత్సాహంగా, పిచ్చుక అన్న మాట ఉన్న చోటల్లా కొత్త పేరు వచ్చేలా ఒక్క దెబ్బతో మార్చేశాడు.

"ఒక్కటి కూడా మిగల్లేదు చూడండి మేడమ్!"

చూశాను. మూడో తరగతి ప్రశ్నపత్రాలు కూడా అందులోనే దాచి ఉంటాయి. సెక్రటరీగారి నాన్నగారు గూడు ఎక్కడ కట్టుకుంటుంది, అని అడుగుతోంది మొదటి ప్రశ్న. రెండో ప్రశ్న ఆయన ఎన్ని గుడ్లు పెడుతుందని.

ఇంజనీరు కళ్లజోడు దించుకుని చదివి, "అమ్మ బాబోయ్, నా ఉద్యోగం!" అన్నాడు. డెబ్భై రోజుల తర్వాత నేను నవ్వాను. అక్క ఉంటే కుర్చీలోంచి కింద పడేది.

"అందుకే నకలు మీద చెయ్యమంది," అన్నాను.

పాడైన నకలు పక్కన పెట్టి కొత్తది తీశాం. ఈసారి పుస్తకంలో ఉన్న ఐదు చోట్ల మాత్రమే, ఒక్కొక్కటీ చూసుకుంటూ మార్చాం. అన్నీ పలికాయి.

"పనిలో పనిగా మానేసిన వాళ్ల లాగిన్లు కూడా తీసేద్దాం మేడమ్, శుభ్రంగా ఉంటుంది. ఎక్కువ లేవు, ఈ ఒక్కటే..." అని తెరమీద పేరు చదివి ఆగాడు. అప్పటికే చెయ్యి నొక్కేసింది.

మా వ్యవస్థలో ప్రతి వరుస చివరా రెండు గళ్లుంటాయి: ఎవరు ఎక్కించారు, ఎప్పుడు ఎక్కించారు అని. మొదటి గడి ఖాళీ అయింది. కిందికి జరిపాను. ఖాళీ. ఇంకా కిందికి. నలభై మూడు వేల వరుసలు, ఒక్కదాని వెనకా మనిషి లేదు. పిల్లలున్నారు, మార్కులున్నాయి, బస్సులున్నాయి. అవన్నీ వాటంతటవే వచ్చి కూర్చున్నట్టున్నాయి.

పేరు మారిస్తే ఏమీ పోలేదు. మనిషిని తీసేస్తేనే పోయింది.

"వెనక్కి తెండి," అన్నాను. నా గొంతు తరగతిలోలాగే వచ్చింది. ఆయన ఇంకో నకలు తెరిచాడు. అక్క తిరిగొచ్చింది.

అప్పుడు రెండో గడి చూశాను. పొద్దున ఐదూ పది, నీళ్ల మోటారు వేసి. ఆదివారం మధ్యాహ్నం రెండున్నర, అందరం తిని పడుకున్నాక. బావగారికి ఆపరేషన్ జరిగిన రోజు, పదకొండు గంటల నుంచి ఒంటిగంట దాకా, అరవై రెండు వరుసలు. పడిగాపులు కాస్తూ ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుంది కాబోలు. తొమ్మిదేళ్ల కిందట మా పాపకి జ్వరం తగ్గని వారంలో ఆరో తరగతి మార్కులన్నీ ఎక్కి ఉన్నాయి. నా తరగతి మార్కులు. పెద్ద టీచరుగారు దయతలిచి ఎక్కించారనుకుని అప్పట్లో ఆవిడకి దండం కూడా పెట్టాను. ఆవిడ అయోమయంగా చూసింది. ప్రతి వరుస చివరా అక్క పేరుంది. ఒకే వంటగదిలో తొమ్మిదేళ్లు నా పక్కన నిలబడి ఉల్లిపాయలు తరిగిన మనిషి, ఒక్కసారైనా చెప్పలేదు.

"లాగిన్ మూసెయ్యండి, ఎవరూ అటునుంచి లోపలికి రాకుండా," అన్నాను. "పేరు మాత్రం ఉండాలి."

"సెక్రటరీగారు అడిగితే?"

"నేను చెబుతాను."

పది గంటలకు ఐదు బడులనూ వ్యవస్థలోంచి బయటికి రమ్మన్నాం. అసలుదాని పేరు మార్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది. తర్వాత నేను టీ తాగాను.

మర్నాడు సెక్రటరీగారికి రెండు విషయాలు చెప్పాను. మీ నాన్నగారి పేరు పైన ఉంటుంది, లోపల ఎవరు చేసిన పనికి వాళ్ల పేరు ఉంటుంది. రెండోది: "ఇది అక్క ఉద్యోగం సార్. అక్క చెల్లెలి సెలవులు కాదు. మనిషిని పెట్టుకోండి. నేర్పిస్తాను, బడి వేళల్లో." ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "మీరింత మాట్లాడతారని తెలీదు మేడమ్," అన్నారు. నాకూ తెలీదు.

మొదటి వారం మూడో బడి లైబ్రరీ పాత పేరుతోనే వచ్చింది. తలుపు తీసే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. దాన్ని సరిచేశాక మళ్లీ ఎవరూ రాలేదు. పదిహేనోరోజున పాత పేరు నా చేత్తోనే తీశాను. తీసేముందు ఒకసారి పైకి చదివాను.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య పిలిచింది. "పెద్దమ్మాయీ, టీ అయిందా?"

రెండు కప్పుల్లో పోసుకుని వెళ్లి మంచం మీద ఆవిడ పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, నేను చిన్నమ్మాయిని."

"తెలుసే," అంది అత్తయ్య, కప్పు అందుకుంటూ. "నాకేం మతిపోలేదు. ఆ పిలుపు పిలవకపోతే నోరు ఊరుకోవడం లేదు. నువ్వు పలుకుతుంటే ప్రాణానికి కాస్త హాయిగా ఉంది."

ఈ ఇంట్లో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది నేనేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మీరు పిలవండి అత్తయ్యా. నేను మాత్రం పలకను. ఆ పేరు అక్కదే."

ఆవిడ టీ ఒక గుక్క తాగి, "అవునే చిన్నమ్మాయీ, దానిదే," అంది.

వంటింటి గుమ్మం దగ్గర బావగారి నీడ కదిలింది. ఆయన ఎప్పుడూ ఏదీ అడగరు, అలా నిలబడతారు, అంతే. అక్క పోయినప్పటి నుంచి ఆ నీడ పడగానే నేను లేచేదాన్ని.

"టీ పొడి అక్క పెట్టినచోటే ఉంది బావగారూ. నీలం డబ్బా," అన్నాను. "నీళ్లు మరిగాక వెయ్యండి."

నా కప్పులో టీ ఇంకా సగం ఉంది. కూర్చునే తాగాను.